ఇరుకులో విశాలత

మన బడిలో బైబిలు తరగతి నిర్బంధం కాదు. శుక్రవారం చివరి పీరియడులో క్రైస్తవ పిల్లలు మామిడిచెట్టు కిందికి, మిగిలినవాళ్లు నీతిబోధ కోసం రేకుల షెడ్డులోకి వెళ్లేవాళ్లం. పర్లాకిమిడి ఎండకు ఆ షెడ్డు ఎలా కాలిపోయేదో ఈ పూర్వ విద్యార్థుల సంచిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. తొమ్మిదో తరగతిలో నేను మామిడిచెట్టు వైపు మారిపోయాను. మా నాన్న నౌపడా - గుణుపురం చిన్న రైలులో గార్డు. సింహాద్రి అప్పన్నకు దండం పెట్టనిదే కాఫీ ముట్టని మనిషి. భయపడుతూ విషయం చెబితే, "నీడ ఎవరిదైతే ఏమిట్రా, కూర్చో" అన్నారు.

అది 1975-76 సంవత్సరం. మన ఊరు అప్పటికింకా గంజాం జిల్లాలోనే ఉంది. బైబిలు మాస్టారు మొదటి రోజే "రక్షణ అంటే ఏమిటి?" అని అడిగారు. పాస్టరు గారి అబ్బాయి లేచి, "పాపముల నుండి విడుదల, పరలోక ప్రాప్తి" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మాస్టారు నవ్వి, "చివరి అధ్యాయం చెప్పేశావు నాయనా. మొదటి అధ్యాయం ఎవరు చెబుతారు?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదంతా ఆయన ఆ ఒక్క మాట పట్టుకునే నడిచారు.

మొదటి అధ్యాయం ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. వెనుక ఐగుప్తు రాజు ఫరో రథాలు, ముందు నీళ్లు. "యెహోవా మీకు నేడు కలుగజేయు రక్షణను" ఊరక నిలుచుండి చూడమంటాడు మోషే. 'నేడు' అన్న మాట కింద గీత గీయించారు మాస్టారు. అక్కడ పరలోకం ఊసు లేదు, పాపం ఊసూ లేదు. ప్రాణం దక్కితే అదే రక్షణ. న్యాయాధిపతుల కాలంలోనూ అంతే. పొరుగు రాజు పీడిస్తే ప్రజలు మొరపెడతారు, దేవుడు ఒక రక్షకుణ్ణి పుట్టిస్తాడు. వాళ్లలో ఏహూదు ఎడమచేతి వాటం మనిషి. నాదీ ఎడమచేతి వాటమే. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా నా పేరు ఏహూదు. ఇప్పటికీ ఫోనులో అలాగే పిలిచేవాళ్లు ఇద్దరున్నారు.

కీర్తనల దగ్గరికి వచ్చినప్పుడు జరిగింది నాకు కళ్లకు కట్టినట్టుంది. రక్షణ అన్న హీబ్రూ మాటకు వెడల్పు, చోటు అనే భావంతో చుట్టరికం ఉందని చాలామంది పండితులు చెబుతారట. ఆ సంగతి చెప్పకుండా ముందు మా బెంచీ మీద ఇంకో ఇద్దరిని ఎక్కించారు. అయిదుగురి బెంచీ మీద ఏడుగురం. ఊపిరాడడం లేదు. ఆ స్థితిలోనే నాలుగో కీర్తన చదివించారు: "ఇరుకులో నాకు విశాలత కలుగజేసినవాడవు నీవే". చదవడం అయ్యాక ఇద్దరిని దింపారు. "హాయిగా ఉందా? దావీదు అడిగింది ఇదే." హాస్టలు పిల్లలకు ఈ పాఠం వివరించే పని లేకపోయింది. వాళ్లు రోజూ రాత్రి చాపల మీద ఇరుకులోనే పడుకునేవాళ్లు.

మరుసటి వారం నేను లేచి, "మాస్టారూ, దావీదు ఇరుకు నుంచి బయటపడితే రక్షణ అంటున్నాడు. మత్తయి ఏడో అధ్యాయంలో ఏసు ఇరుకు ద్వారంలో ప్రవేశించమంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?" అన్నాను. తెలివి చూపించుకోవడానికి అడిగిన ప్రశ్న అని ఆయనకు తెలుసు. "వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం రాలేదు.

మాస్టారి చేత బాగా మాట్లాడించింది మాత్రం 'విమోచన'. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం ప్రకారం, ఒకడు పేదరికంలో పొలం అమ్ముకుంటే దాన్ని విడిపించే బాధ్యత దగ్గరి బంధువుది. తనను తానే అమ్ముకుంటే మనిషినీ విడిపించాలి. ఎవరూ రాకపోతే యాభయ్యో ఏట సునాద సంవత్సరంలో భూమి తిరిగి వస్తుంది, మనిషి తిరిగి వస్తాడు. "నా విమోచకుడు సజీవుడు" అని యోబు అన్నప్పుడు వాడింది ఈ బంధువు మాటే. ఇది విని కొరాపుట్ వైపు నుంచి వచ్చిన హాస్టలు అబ్బాయి ఒకడు తల దించుకున్నాడు. వాళ్ల చిన్నాన్న గోతిగా ఉన్నాడు. తీసుకున్న అప్పుకు మనిషే తాకట్టు, వడ్డీకి చాకిరీ. ఒడిశాలో దాన్ని రద్దుచేస్తూ 1948లోనే నిబంధన వచ్చిందని మాస్టారు వివరించారు. మేము చదివిన ఆ విద్యా సంవత్సరంలోనే, 1976లో, దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం చేశారు. కాగితం మీద రద్దయింది, కొండల్లో కాలేదు. "మీ చిన్నాన్న అప్పు ఎంత?" అని అందరి ముందూ అడగలేదు. తరగతి అయ్యాక వాణ్ణి పక్కకు తీసుకెళ్లడం చూశాను. తర్వాత ఏం జరిగిందో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దసరా సెలవుల తర్వాత మాత్రం వాడు చిన్నాన్న గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మానేశాడు.

యూదులను బందీలుగా పట్టుకుపోయిన బబులోను చెరను రెండు వారాల్లో ముగించారు. క్రీస్తుపూర్వం 586లో యెరూషలేము కూలింది, 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకుని చెరలో ఉన్నవాళ్లను ఇంటికి పంపాడు. యెషయా గ్రంథం ఆ అన్యరాజును దేవుడు అభిషేకించినవాడు అంటుంది. పాస్టరు గారి అబ్బాయికి ఇది మింగుడు పడలేదు. నాకు మాత్రం చాలా నచ్చింది, కారణం ఊహించుకోండి. రక్షణ ఇజ్రాయేలు గడప దాటి భూదిగంతాల వరకు పోవాలన్న మాటా ఆ గ్రంథంలోనే ఉంది. చచ్చినవాళ్లు లేవడం గురించి దానియేలు చెప్పేసరికి రక్షణ సమాధినీ దాటింది.

మా తరగతిలో ఒక పూజారి గారి అబ్బాయి కూడా ఉండేవాడు, షెడ్డు వేడికి తట్టుకోలేక వచ్చినవాడే. ఒడియా బైబిలులో రక్షణకు 'పరిత్రాణ' అని ఉంటుందని మాస్టారు చెబితే వాడు వెంటనే, "గీతలో పరిత్రాణం సాధువులకు కదండీ, మీ పుస్తకంలో పాపులకా?" అన్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేచారు. కొడతారేమో అనుకున్నాం. "ఈ ప్రశ్న నన్ను సెమినరీలో ఒక్కరూ అడగలేదురా" అంటూ వాడి భుజం తట్టి, జక్కయ్య కథ చెప్పారు. లంచగొండి సుంకరి ఇంటికి ఏసు బసకు వెళ్లాడు. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు ఏసు. మళ్లీ 'నేడు'. మళ్లీ గీత.

తర్వాత నేను బరంపురం కోర్టులో ఒడియా, తెలుగు అనువాదకుడిగా ముప్పై ఏళ్లు పనిచేశాను. మాస్టారి పాఠాల్లో నాకు అన్నం పెట్టింది ఒకటుంది. రక్తస్రావం తగ్గిన స్త్రీతో ఏసు, "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు. లూకా ఏడులో పాపాత్మురాలైన స్త్రీతో, "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు. గ్రీకులో రెండూ ఒకే వాక్యం, ఒకే క్రియ. పౌలు ఎక్కిన ఓడ పగిలే వేళ "మీరు తప్పించుకొనలేరు" అన్నచోటా అదే క్రియ. తెలుగు చేసినవాళ్లు ఒంటికి ఒక మాట, ఆత్మకు ఒక మాట, తుఫానుకు ఒక మాట పెట్టారు. తప్పు పట్టలేం, తెలుగు అలాగే అడుగుతుంది. కానీ మూడు గదులుగా గోడ కట్టింది మనమే, మూలంలో అది ఒకే ఇల్లు. సాక్షి చెప్పిన మాటకు సమానార్థకం వేసే ముందు నేను కలం ఆపింది ఎన్నిసార్లో లెక్కలేదు.

పౌలు పత్రికల్లో తగవులాట ఎక్కువైంది. జయపురం వైపు లూథరన్ అబ్బాయికి పసితనంలోనే బాప్తిస్మం అయింది. మన ఊరి బాప్టిస్టు అబ్బాయి మహేంద్రతనయ నదిలో మునిగి వచ్చాడు. ఎవరు రక్షణ పొందినట్టు? మాస్టారు వ్యాకరణం తీశారు. ఎఫెసీ పత్రికలో రక్షింపబడ్డారు అని ఉంది, కొరింథీ పత్రికలో రక్షింపబడుతున్నవారు అని ఉంది, రోమా పత్రికలో రక్షింపబడతాము అని ఉంది. భూతం, వర్తమానం, భవిష్యత్తు. "మూడు కాలాలూ వచ్చినవాడు చెయ్యి ఎత్తండి" అన్నారు. ఎవరూ ఎత్తలేదు. ప్రకటన గ్రంథం దగ్గరికి వచ్చేసరికి వేసవి సెలవులు ఇచ్చేశారు. ఏటా అలాగే జరిగేదని పై తరగతివాళ్లు చెప్పారు. కావాలనే అలా లెక్క వేసుకునేవారని నా అనుమానం.

మాస్టారిని చివరిసారి చూసింది నా పదవీ విరమణకు ముందు సంవత్సరం. ఉబ్బసం ముదిరి మంచం పట్టారు. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పడుతోంది. నన్ను గుర్తుపట్టి "ఏహూదూ" అన్నారు. నా పాత ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉందని నవ్వుతూ అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి గుమ్మం వైపు చూపించారు. "రైలు పెట్టె తలుపు..." అని మొదలుపెట్టి దగ్గు రావడంతో ఆగిపోయారు. కాసేపటికి, "ముందు ఆ తలుపు తియ్యి నాయనా, ఇరుకుగా ఉంది" అన్నారు.

రెండు రెక్కలూ తీశాను. కిటికీ కూడా తీశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.