మైకు లేని కూటం: సఖినేటిపల్లి రేవు నుంచి నిర్మలగిరి దాకా

సఖినేటిపల్లి రేవులో తెల్లవారి మొదటి పంటు ఎక్కేటప్పటికి మేము 23 మందిమి ఉన్నాం. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఊళ్ళ నుంచి ఎవరికి వారుగా వచ్చి అక్కడ కలుసుకుని, వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో దిగి, అక్కడి నుంచి మినీ బస్సులో పాలకొల్లు, నిడదవోలు మీదుగా గౌరీపట్నంలోని నిర్మలగిరి మరియమాత క్షేత్రానికి చేరుకోవాలన్నది మా ఏర్పాటు. చూసేవారికి మేము మార్చి ఉత్సవాలకు పోతున్న యాత్రికులం, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పంటు మీద చేతిసంచులతో నిలబడిన స్త్రీలలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు గర్భస్రావం చేయించుకుని, ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరితోనూ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్నవారు. మిగిలినవారు కడుపు నిలవకనో, కాన్పులోనో బిడ్డను పోగొట్టుకున్నవారు.

ఈ యాత్రను ఏర్పాటు చేసిన నేనూ వారిలో ఒకదాన్ని. 1993లో, ఇద్దరు ఆడపిల్లల తరువాత మూడోసారి నెల తప్పినప్పుడు, మా అత్తవారు నన్ను పట్టణంలోని ఒక నర్సింగ్‌హోముకు తీసుకువెళ్ళి స్కానింగ్ చేయించారు. ఆ గది బయట మా అత్తగారూ ఆడపడుచూ ఏదో మాట్లాడుకున్నారు. మర్నాడు ఉదయం నన్ను ఏమీ తినవద్దన్నారు. పుట్టబోయేది ఆడా మగా అని పరీక్ష చేసి చెప్పడాన్ని నిషేధించే చట్టం 1994లో వచ్చింది, నా కథ దానికి ఏడాది ముందుది. అయినా 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ఆడపిల్ల అన్న కారణంతో కడుపు తీయడానికి అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోదు. ఆ సంగతి నాకు తెలిసేటప్పటికి మా పెద్దమ్మాయికి పెళ్ళయిపోయింది. ఆ మధ్య ఏళ్ళన్నీ నేను ఎవరి బారసాలకూ వెళ్ళలేదు. ప్రతిసారీ ఒంట్లో బాగోలేదనే చెప్పేదాన్ని.

మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, నలుగురం స్త్రీలం కలిసి ఆరేళ్ళ కిందట పెట్టిన మొదటి సదస్సుకు ఒక్కరూ రాలేదు. తప్పు మాదే. మా కోనసీమలో స్వస్థత కూటమంటే పెద్ద పందిరి, ఫ్లెక్సీ, నాలుగు వీధులకు వినిపించే మైకు, వేదిక ఎక్కి చెప్పే సాక్ష్యం. మాకు తెలిసిన పద్ధతి అదే కనుక అలాగే చేశాం. ‘గర్భస్రావం చేయించుకున్న సోదరీమణుల స్వస్థత సదస్సు’ అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాం. ఆ పందిట్లో అడుగుపెట్టిన మనిషి తన గుట్టు ఊరందరికీ చాటుకున్నట్టే అవుతుందన్న ఆలోచన మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు. ఆ రోజు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళం మేమూ, షామియానా వేసిన కుర్రాళ్ళూ. వండించిన పులిహోర సాయంత్రం హాస్టలు పిల్లలకు పంపించాం.

ఆ తరువాత మార్కు సువార్త అయిదో అధ్యాయంలోని స్త్రీ కథను నేను మళ్ళీ మళ్ళీ చదివాను. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసిన ఆమె, ప్రభువు ఎదుటికి రాలేదు. గుంపులో వెనుక నుంచి వచ్చి వస్త్రాన్ని మాత్రం ముట్టుకుంది. మేము కట్టిన పందిట్లో వెనుక నుంచి రావడానికి దారి లేదు. కూటం పెట్టాలంటే ముందు ఆ దారి వెయ్యాలి, మిగిలిన పనులన్నీ దాని తరువాతనే అనుకున్నాను.

ఈ పరిచర్య ఇతర దేశాల్లో ఎలా సాగుతోందో ఒక మఠకన్య మాకు వివరించారు. అమెరికాలోని మిల్వాకీలో 1984లో విక్కీ థోర్న్ ‘ప్రాజెక్ట్ రేచల్’ను మొదలుపెట్టారు. థెరెసా బర్క్ స్థాపించిన ‘రేచల్స్ విన్‌యార్డ్’ వారాంతపు ధ్యానకూటాలను నడుపుతుంది. రెండింటికీ ఆ పేరు, తన పిల్లల కోసం ఏడ్చి ఓదార్పు పొందనొల్లని రాహేలును గురించి యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయంలో ఉన్న మాట నుంచే వచ్చింది. పద్ధతి నాకు నచ్చింది కానీ, మా ఊళ్ళలో ఏ కోడలు శుక్రవారం బయలుదేరి ఆదివారం దాకా, ఎందుకో చెప్పకుండా ఇల్లు విడిచి ఉండగలదు? యాత్ర అన్న ఆలోచన అక్కడే వచ్చింది. నిర్మలగిరి వెళ్తానంటే అత్తగారు వద్దనదు. పైగా దారిలో తినమని పులిహోర కట్టి, తన పేరు మీద ఒక కొవ్వొత్తి వెలిగించమని డబ్బులిచ్చి మరీ పంపుతుంది. హిందువుల ఇళ్ళ నుంచి కూడా అక్కడికి మొక్కులు తీర్చుకోవడానికి వెళ్తారు కనుక, మాతో వచ్చిన ముగ్గురు హిందూ స్త్రీలను ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇంకో పని కూడా చేశాం. కడుపు పోయినవారు, కాన్పులో బిడ్డ దక్కనివారు, గర్భస్రావం చేయించుకున్నవారు, అందరికీ కలిపి ‘తల్లుల ఓదార్పు యాత్ర’ అని ఒకే పేరు పెట్టాం. ఎవరు ఏ దుఃఖంతో వచ్చారో పక్కనున్న మనిషికి కూడా తెలియనక్కరలేదు. దానంతటదే పోయిన బిడ్డనూ, చేతులారా పోగొట్టుకున్న బిడ్డనూ ఒకే గాటన కట్టడం పాపాన్ని చిన్నది చేయడమేనని ఒక గురువుగారు (ఫాదర్) అభ్యంతరం చెప్పారు. ఆయన మాటను నేను గౌరవిస్తాను కానీ ఒప్పుకోను. పాపం లెక్క పాపసంకీర్తనంలో, గురువు ఎదుట పాపం ఒప్పుకునే చోట, తేలుతుంది. అక్కడి దాకా మనిషి రాగలగాలి కదా. ఒక దాత ఫొటోలూ సాక్ష్యాలూ పంపితే ఏటా ఖర్చు భరిస్తామన్నప్పుడు కూడా ఆ డబ్బు తీసుకోలేదు. మేము పేర్ల పట్టీ రాసుకోము, ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టిస్తాము.

నరసాపురంలో దిగేటప్పటికి ఏడు దాటింది. ఆ పట్టణం చుట్టుపక్కల ఊళ్ళన్నీ, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన నాటి నుంచి, లేసు అల్లికలకు పెట్టింది పేరు. మాతో వచ్చినవారిలో సగంమందికి ఆ పని చేతనవును. అందుకే పాలకొల్లు దగ్గర మఠంలో కూర్చున్నప్పుడు ప్రసంగంతో మొదలుపెట్టకుండా, ఒక్కొక్కరి చేతికి ఒక తెల్లదారం ఉండ, ఒక క్రోషే సూది ఇచ్చాం. చేతులకు పని ఉంటే కళ్ళు ఎదుటివారి ముఖం మీద నిలపనక్కరలేదు, మాట మధ్యలో ఆగిపోయినా అది మౌనంలా కనిపించదు. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె గంటసేపు పెదవి విప్పలేదు. ఆమె చేతిలో ముందు చిన్న చక్రం తయారైంది, ఆ చక్రం అంచులు లోపలికి తిరిగి గిన్నెలా అయ్యాయి, అప్పుడు అది పసిబిడ్డ టోపీ అని మాకు అర్థమైంది. నిమ్మకాయంత తలకు కూడా పట్టదు. ఆమె దాన్ని బొటనవేలికి తొడిగి చూసుకుని, “మూడో నెలండి” అని మాత్రం అన్నది.

వినేవారికి మేము ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం క్రియాపదాన్ని వినడం. ఒకరు “తీయించుకున్నాను” అంటారు, ఇంకొకరు “తీయించేశారు” అంటారు. ఆ రెండింటికీ కావలసిన ఓదార్పు ఒకటి కాదు. మొదటి ఆమెకు క్షమాపణ కావాలి. రెండో ఆమె ముందు తనకు జరిగిన అన్యాయాన్ని అన్యాయమని ఒకరి నోట వినాలి. తాను క్షమించవలసిన మనుషులు ఇంట్లోనే ఉన్నారన్న చేదు ఆ తరువాత. చట్టప్రకారం మేజరైన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని, భర్త సంతకంతో పని లేదని, ఆమె ఇష్టం లేకుండా ఎవరూ గర్భం తీయకూడదని, ఆమె వివరాలను వైద్యులు బయటపెట్టకూడదని మేము చెప్పినప్పుడు, “మరి నా చేత వేలిముద్ర వేయించుకున్నారు కదండీ” అని ఒకామె అడిగింది. ఆమె దగ్గర చాలాసేపు కూర్చున్నాం.

రాజమహేంద్రవరం నుంచి ఏటా మాతో వచ్చే సైకాలజిస్టుగారు మొదటి రోజే ఒక హెచ్చరిక చేశారు. గర్భస్రావం తరువాత ప్రతి స్త్రీ మనసూ దెబ్బతింటుందని మేము ప్రచారం చేయకూడదు. మొదటి మూడు నెలల్లో ఒకసారి చేయించుకున్నంత మాత్రాన మానసిక జబ్బులు పెరుగుతాయనడానికి ఆధారం లేదని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2008లో నివేదిక ఇచ్చింది. అయితే బలవంతం మీద చేయించుకున్నవారికి, కావాలనుకున్న బిడ్డను వదులుకోవలసి వచ్చినవారికి, రహస్యాన్ని ఒంటరిగా మోసేవారికి బాధ ఎక్కువని ఆమె చెప్పారు. అందుకని దుఃఖం లేనివారిని మేము ఏడిపించము. ఏడ్పు ఆగనివారికి, నిద్ర పట్టనివారికి, చావు ఆలోచనలు వచ్చేవారికి ప్రార్థన ఒక్కటే చాలునని కూడా చెప్పము. డాక్టరు దగ్గరకు తోడు వెళ్తాము, రాత్రివేళ 14416 నంబరు టెలిమానస్‌కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణికి, ఫోన్ చేయమని చెబుతాము.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు, డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో, ఒక పెద్దావిడ నా పక్కకు వచ్చి కూర్చుంది. తనకూ బిడ్డ పోయిందని చెప్పి యాత్రకు వచ్చిన మనిషి. దారం ఉండను ఒళ్ళో పెట్టుకుని, “అమ్మా, నేను తీయించుకోలేదు, నాకెవరూ తీయించలేదు. మా కోడలికి నేనే తీయించాను” అన్నది.

ఆ మాట వినగానే నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఎదుట దాళ్వా చేలు గింజ పట్టి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ కిందటి స్కానింగ్ గది తలుపు నా కళ్ళ ముందు మళ్ళీ తెరుచుకుంది. ఆవిడ మా అత్తగారు కాదని నాకు తెలుసు, అయినా నా చేతులు వణికాయి. మా అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. ఆ విషయం ఒక్కనాడూ ఎత్తకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. ఆవిడ కూడా ఎవరి దగ్గరైనా ఇలా కూర్చోవాలనుకున్నారేమో, కూర్చోవడానికి చోటు దొరకలేదేమో అన్న ఆలోచన ఆ వరండాలోనే మొదటిసారి నాకు వచ్చింది. లోపలికి తిరిగి వెళ్ళి, “చెప్పండి పిన్నిగారూ” అన్నాను.

చెప్పారు. ఆ తరువాత కోడలు కొడుకుతో వేరే ఊరు వెళ్ళిపోయింది, ఇప్పటికీ మాట లేదు. తాను చేసినదానికి శ్రీసభ (కతోలిక సంఘం) నుంచి వెలి పడిపోయాననీ, మేత్రాణులవారి (బిషప్పుగారి) దాకా వెళితే తప్ప క్షమాపణ దొరకదనీ ఎవరో చెప్పగా విని, ఆనాటి నుంచి గుడికి వెళ్తూనే ఉన్నా పూజలో గురువు ఇచ్చే అప్పాన్ని, సత్ప్రసాదాన్ని, మాత్రం ముట్టలేదు. అది 29 ఏళ్ళ మాట. పోపు ఫ్రాన్సిస్ గారు కరుణా జూబిలీ సంవత్సరం కోసం గురువులందరికీ ఇచ్చిన అధికారాన్ని 2016 నవంబరు 20న శాశ్వతం చేశారని, గర్భస్రావ పాపాన్ని ఏ గురువైనా క్షమించవచ్చునని, ఆ శిక్ష సంగతి తెలియక చేసినవారికి అసలు ఆ బహిష్కరణ దానంతటదే వర్తించదని నేను వివరించాను. ఆవిడ నమ్మలేదు. “కాగితం మీద ఉందా అమ్మా?” అని రెండుసార్లు అడిగింది. ఉందన్నాను.

నిడదవోలు దాటాక చదును తగ్గి మెట్ట మొదలవుతుంది. కాలువలకు బదులు నల్లరాయి క్వారీలూ క్రషర్ల దుమ్మూ. చివరి రెండు కిలోమీటర్లు అందరం నడిచాం. పెద్దావిడ చెప్పులు బస్సులోనే వదిలేసింది, ఎండకు రోడ్డు కాలుతున్నా వేసుకోనంది. కొండ మీద పాపసంకీర్తనం వరుసలో నా ముందు నిలబడి, మూడుసార్లు పక్కకు తప్పుకుని వెనుకవారికి దారి ఇచ్చి, నాలుగోసారి వెళ్ళింది. బయటకు వచ్చాక ఏమీ మాట్లాడలేదు, కొంగుతో ముఖం తుడుచుకుంది. తల్లులు అల్లిన టోపీలు, మేజోళ్ళు మరియమాత పాదాల దగ్గర పెట్టాం. ఎవరిది ఏదో తెలియకుండా అన్నిటినీ ఒకే తెల్లగుడ్డలో చుట్టాం. కిటికీ పక్కన కూర్చున్న ఆమె మాత్రం తన టోపీ ఇవ్వలేదు. అడగలేదు మేము.

సాయంత్రం పూజలో సత్ప్రసాదం వేళ వరుస కదిలింది. నాలుగడుగులు వేశాక పెద్దావిడ వెనక్కు తిరిగి, నా చెవిలో, “అమ్మా, ఇప్పుడు చేతిలో పెడుతున్నారే. నేను వదిలేసిన రోజుల్లో నాలుక మీద పెట్టేవారు. నేనెలా తీసుకోవాలి?” అని అడిగింది. ఎలాగైనా తీసుకోవచ్చు పిన్నిగారూ అన్నాను. గురువుగారి ఎదుటికి చేరాక ఆవిడ రెండు చేతులూ వెనక్కు కట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచింది.