యూఎస్ 81 వెంట మార్చి గోధుమ చేలు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో గోధుమ చూడాలనుకునేవాళ్లు సాధారణంగా జూన్‌లో, కోతలప్పుడు వెళ్తారు. అప్పటికి చూడ్డానికి బాగుంటుంది గానీ చెయ్యడానికి ఏమీ మిగలదు. దిగుబడి ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ చేజారుతుందో తెలియాలంటే మార్చిలో వెళ్లాలి. అందుకే ఒక్లహోమా సరిహద్దుకు దగ్గర్లోని వెల్లింగ్టన్‌లో బయల్దేరి, యూఎస్ 81 రహదారి పట్టుకుని విచిటా, న్యూటన్, సలైనాల మీదుగా నెబ్రాస్కా పొలిమేరల్లోని బెల్‌విల్ దాకా వెళ్లాను. దారి సుమారు 300 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ పైరు వయసు తగ్గుతూ వస్తుంది. దక్షిణాన కాండం లేచి కణుపు కట్టబోయే చేలుంటే, ఉత్తరాన చలికి పాలిపోయిన ఆకుల మధ్య అప్పుడే కొత్త ఆకు కనిపిస్తుంటుంది.

ఇది సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో విత్తే గోధుమ. కొన్ని వారాలు గట్టి చలిలో ఉంటే తప్ప వెన్ను వెయ్యదు. మన ఉత్తరాదిలో రబీలో వేసే గోధుమ వేరే రకం, దానికి ఇంత చలి అక్కర్లేదు. కాబట్టి ఇక్కడి లెక్కలు అక్కడ యథాతథంగా పనికిరావు.

వెల్లింగ్టన్ చుట్టుపక్కల గోధుమ చేలల్లోనే పశువులు మేస్తుంటాయి. చలికాలమంతా దూడల్ని పచ్చి గోధుమ మీద మేపి, తర్వాత అదే చేను నుంచి గింజ కూడా తీస్తారు. చిక్కల్లా వాటిని ఎప్పుడు తోలెయ్యాలన్నదే. తేదీ చూసి తోలేస్తే లాభం లేదు, మొక్కను కోసి చూడాలి. దుబ్బును వేళ్లతో సహా తవ్వి, అన్నిటికన్నా పెద్ద పిలకను మొదలు నుంచి నిలువుగా బ్లేడుతో చీలుస్తారు. లోపల తెల్లటి చిన్న మొన ఉంటుంది. అదే రాబోయే వెన్ను, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. దాని కింద కాండం బోలుగా మారడం మొదలై, ఆ బోలు భాగం 1.5 సెంటీమీటర్లకు చేరిందంటే పశువులు బయటికి పోవాల్సిందే. ఆ తర్వాత మేసే ప్రతిరోజూ గింజలో కోత పడుతుంది. నమూనా మొక్కల్ని మాత్రం పశువులు మెయ్యని మూల నుంచి తియ్యాలి. మేసిన మొక్క వెనకబడి ఉంటుంది, దాన్ని నమ్మితే ఆలస్యమైపోతుంది.

మంచు దెబ్బకు ఎక్కువ భయపడాల్సింది కూడా ఇక్కడే. పిలకల దశలో మొవ్వు నేలలో దాక్కుని ఉంటుంది కాబట్టి మైనస్ 11 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కణుపు కట్టాక మొవ్వు నేల పైకొస్తుంది, అప్పుడు మైనస్ 4 డిగ్రీలు రెండు గంటలుంటే చాలు, నష్టం మొదలవుతుంది. పొట్ట దశలో మైనస్ 2 కే. తెల్లారేసరికి ఆకులు మాడాయని కంగారు పడక్కర్లేదు. వారం, పది రోజులు ఆగి కాండం చీల్చి చూస్తే, బతికున్న మొవ్వు నిగనిగలాడుతూ గట్టిగా ఉంటుంది. చచ్చింది మెత్తబడి, గోధుమరంగుకు తిరుగుతుంది.

న్యూటన్ పరిసరాలకు 1874లో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన మెన్నొనైట్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనం తెచ్చారని చెబుతారు. ఈ ప్రాంతంలో శీతాకాలపు గోధుమ పాతుకుపోయింది దాని వల్లే. ఇప్పుడు ఆ చేల మధ్య కనిపించేవి నత్రజని ద్రవ ఎరువు ట్యాంకులు. ఎంత వెయ్యాలన్న లెక్క ఇక్కడ చాలా సూటిగా ఉంటుంది. ఆశించే దిగుబడి బుషెల్‌కు 2.4 పౌండ్ల నత్రజని చొప్పున కడతారు (బుషెల్ అంటే 60 పౌండ్ల గోధుమ). ఎకరానికి 60 బుషెల్స్ అంటే 144 పౌండ్లు. సేంద్రియ పదార్థం ఒక్కో శాతానికి 10 పౌండ్లు తీసేస్తారు, 2 శాతముంటే 20. రెండడుగుల లోతు మట్టి పరీక్షలో 40 పౌండ్లు దొరికితే అదీ పోతుంది. మిగిలింది 84. దున్నకుండా విత్తిన చేనైతే 20 కలపాలి. విత్తేటప్పుడు 30 వేసి ఉంటే అది తీసేస్తే పైపాటుకు 74 పౌండ్లు, అంటే సుమారు 34 కిలోలు. 28 శాతం ద్రవ ఎరువులో గ్యాలన్‌కు దాదాపు 3 పౌండ్ల నత్రజని ఉంటుంది కనక ఎకరానికి 25 గ్యాలన్లు పడుతుంది.

లెక్క తప్పకపోయినా వేళ తప్పితే ఎరువు దండగ. వెన్నులో గింజలు పట్టే చిరుకంకులు ఎన్ని రావాలో కణుపు కట్టడానికి ముందే తేలిపోతుంది. అప్పటికి నత్రజని వేళ్ల దగ్గరుండాలి, అంటే ఆలోపు వానా పడాలి. పొడి నేల మీద ఎరువు పైపైనే ఉండిపోతుంది. గడ్డకట్టిన నేల మీద, మంచు మీద వేస్తే కరిగిన నీళ్లతో కొట్టుకుపోతుంది. పాత పంట చెత్త పరిచి ఉన్న చేలో తుంపరగా కొడితే కొంత ఆ చెత్తకే అతుక్కుంటుంది. అందుకని సన్నటి ధారలుగా పోసే నాజిల్స్ వాడతారు, ఆకులు మాడడమూ తగ్గుతుంది. చేను పసుపుగా ఉందని వెంటనే నత్రజని మీదికి పోవడం కూడా సరికాదు. ముదురాకులు పాలిపోతే నత్రజని లోటు, లేతాకులు పాలిపోతే గంధకం లోటు అనుకోవాలి.

సలైనా దాటాక అడ్డొచ్చేది గాలి. మార్చిలో కాన్సాస్ గాలికి కలుపు మందు కొట్టే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఊదా పూల హెన్‌బిట్ అనే కలుపు అప్పటికే విరగబూసి ఉంటుంది. పువ్వు కనిపించాక కొట్టడమంటే కలుపు తినాల్సిందంతా తిన్నాక కొట్టడమే. ఆవ జాతి కలుపులో ముందుగా కాడ లేపే బ్లూ మస్టర్డ్‌ను అది నేలకంటుకుని ఉన్నప్పుడే చంపాలి. డైకాంబా అనే కలుపు మందు కొట్టడం కణుపు కట్టకముందే అయిపోవాలి. 2,4-డి అనే మరో మందు పిలకలు పూర్తయ్యాక మొదలుపెట్టి పొట్ట దశకు ముందే ఆపాలి. వేళ తప్పితే వెన్నులు వంకర్లు తిరుగుతాయి, గింజ పట్టదు.

బెల్‌విల్ దగ్గర పని తవ్వుగోలతోనే. మొక్కను తీసి, కడిగి, మొదలును నిలువుగా కోస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. కొత్త తెల్ల వేళ్లు కనిపిస్తే ఇక దిగుల్లేదు. గోధుమరంగులో మెత్తగా ఉంటే పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా ఆ మొక్క పోయినట్టే. తర్వాత పిలకల లెక్క. సాళ్ల మధ్య ఏడున్నర అంగుళాలుంటే, ఒక సాలులో 19 అంగుళాల పొడవు ఒక చదరపుటడుగుకు సమానం. తూర్పున వానలెక్కువున్న కెంటకీలో చదరపుటడుగుకు పిలకలు 70 లోపుంటే, చలి తగ్గి చేను పచ్చబడగానే 30 నుంచి 50 పౌండ్ల నత్రజని వేసి పిలకలు పెంచి, మిగతాది కణుపుకు ముందు వేస్తారు. వాన నమ్మకం లేని పశ్చిమ కాన్సాస్‌లో రెండో దఫాకు తడి దొరుకుతుందో లేదో, ముందే ఒకేసారి వెయ్యడం నా ఉద్దేశంలో మేలు. చేను మరీ పలచబడితే దున్నేసి జొన్న వేద్దామనుకునేవాళ్లు, అంతకుముందు ఏ కలుపు మందు కొట్టారో చూసుకోవాలి. కొన్ని సల్ఫోనైల్‌యూరియా మందుల తర్వాత జొన్న వెయ్యడానికి నెలల గడువుంటుంది, ఆ గడువు డబ్బా లేబుల్ మీదే రాసి ఉంటుంది.