మీ ఇంట్లో నేనుంటా, మీరు ఊరెళ్లిరండి

సంక్రాంతికి సగం హైదరాబాద్ ఖాళీ అవుతుంది కదా, పంతంగి టోల్ దగ్గర కార్ల లైన్లు టీవీలో చూపిస్తుంటారు, ఆ కార్లలో పోయేవాళ్ల కుక్కలు కొన్ని నా దగ్గరుంటాయి. కాదు, నేనే వాటి దగ్గరుంటా. వాళ్లింటికే వెళ్లి, రాత్రి అక్కడే పడుకుని, కుక్కనీ ఇంటినీ చూసుకోవడం నా పని, ఏ యాప్ కిందా కాదు, సొంతంగా. మా అమ్మకి ఇప్పటికీ మింగుడుపడలేదు, "కుక్క ఇంటికి కాపలా ఉంటదిగానీ కుక్కకి కాపలా ఏంటే" అంటది.

అందరూ అనుకునేది ఏంటంటే ఏసీ వేసుకుని కుక్కతో ఆడుకోవడమని. నా లెక్కలో సగం పని వాళ్లు బయల్దేరకముందే అయిపోవాలి. ముందొకసారి వెళ్లి కూర్చుంటా, కాఫీ తాగుతా, ప్రశ్నలు వేసి చంపుతా. మామూలు రోజు ఎంత తింటది, మోషన్ ఎన్నిసార్లు, మెట్లు ఎక్కుతుందా, ఉరుముకి మంచం కిందకి దూరుతుందా? ఆ మామూలు ఏంటో తెలియకపోతే తేడా వచ్చినప్పుడు నాకెలా తెలుస్తది? ఓనర్ వెళ్లిన మొదటి రోజు అన్నం ముట్టకపోవడం చాలా కుక్కలు చేసేదే, నేను కంగారుపడను, కానీ ఎప్పుడూ తిండి మీదే ధ్యాసుండే లాబ్రడార్ తినట్లేదంటే మాత్రం వెంటనే ఒళ్లంతా తడిమి చూస్తా, ముఖ్యంగా వానాకాలంలో, చెవుల వెనకా వేళ్ల సందుల్లో రక్తం పీల్చే గోమార్లు ఉంటాయి, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ మొదలయ్యేది జ్వరంతో, తిండి మానెయ్యడంతోనే. ఇంకో ప్రశ్న అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడుగుతా, మీరు అమెరికా ఫ్లైట్‌లో ఉండి ఫోన్ కలవకపోతే, ఆపరేషన్ చేయించాలా వద్దా అని చెప్పేదెవరు? ఆ పేరు, నంబరు, వ్యాక్సిన్ బుక్కు ఫ్రిజ్ మీద ఉండాలి.

తిండి దగ్గరే గొడవ. "మావాడు ఉల్లిపాయ ఉప్మా తింటాడమ్మా, ఏం కాలేదు ఇన్నాళ్లూ" అంటారు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, పాయసంలో కిస్‌మిస్ అయితే కొన్ని కుక్కలకి కిడ్నీలే పోతాయి. నేనున్నన్నాళ్లూ పెట్టను, అంతే.

ఇక ఇంటి పని. సంప్ మోటర్ ఎప్పుడు వెయ్యాలి, ఇన్వర్టర్‌లో నీళ్లు, తులసి కోట, పాల ప్యాకెట్. ఒక ఆంటీ దీపం పెట్టమన్నారు, పెట్టమని మళ్లీ నసుగుతున్నారు, నాకర్థమై "ఆ రోజుల్లో పెట్టనులే ఆంటీ" అన్నా, ఆవిడ మొహం వెలిగిపోయింది. రాత్రి తొమ్మిదికి అటునుంచి వీడియో కాల్, "చిన్నూ, తిన్నావా నాన్నా" అని, వాడేమో ఫోన్ వెనకాల ఆవిడని వెతుక్కుంటాడు. అందుకే కొన్ని కుక్కలకి కాల్స్ వద్దని చెప్తా, తర్వాత గంటసేపు గుమ్మం దగ్గరే ఏడుస్తాయి మరి.

మే నెల్లో వాక్ పొద్దున ఏడులోపే అయిపోవాలి, అరచెయ్యి రోడ్డు మీద ఆన్చలేకపోతే కుక్క తన పాదాలూ ఆన్చలేదు. పగ్‌లకి ముక్కు చప్పిడి కాబట్టి రొప్పినా ఒళ్లు చల్లబడదు, మంచు దేశాల కుక్క హస్కీని ఈ ఎండల్లో ఎందుకు పెంచుతారో అది వాళ్లకే తెలియాలి. లిఫ్ట్‌లో కుక్క ఎక్కొద్దని అసోసియేషన్ వాళ్లు ఎవరైనా అంటే, జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఫోన్‌లో ఉంటాయి, చూపిస్తా, మామూలుగా అక్కడితో అయిపోతది.

డబ్బుల దగ్గర మాత్రం అందరూ ఒకటే, "ఉండేది మా ఇంట్లోనేగా, ఇంకా ఇంతా?" ఒకాయన వాచ్‌మన్ సగానికే చూస్తానన్నాడని ఫోన్ పెట్టేశాడు, సరే అన్నా. మర్నాడే వాళ్లావిడ ఫోన్, వాచ్‌మన్‌కి కుక్కలంటే భయమట.