మామ్మ మంచం పక్కన బల్ల

“నా ఒక్కదానికే ఇస్తే అది బల్ల ఎలా అవుతుంది అయ్యగారూ? మీరూ తీసుకోండి” అంది మామ్మ.

ఇవాళ నెలలో మొదటి ఆదివారం, చర్చిలో బల్ల ఇచ్చే రోజు. బల్ల అంటే యేసు ప్రభువు చివరి విందును గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారితో నేనూ మామ్మ దగ్గరికి వెళ్లాను. తుంటి విరిగినప్పటి నుంచి మామ్మ మంచం దిగలేదు. మమ్మల్ని చూడగానే కొంగు తలమీదికి లాక్కుంది.

బైబిల్లో ఆ విందు గురించి చెప్పే మొదటి కొరింథీ 11వ అధ్యాయం చదువుతుంటే తనూ పెదాలు కదిపింది, అంతా నోటికే వచ్చు. రొట్టె మింగుడుపడదని అయ్యగారు చిన్న ముక్కను ద్రాక్షరసంలో ముంచి నోట్లో పెట్టారు. గడ్డం మీదికి జారిన చుక్కను వేలితో తీసి, అదీ నోట్లో పెట్టుకుంది.

తర్వాత మేమూ తీసుకున్నాం. పొద్దున చర్చిలో తీసుకున్నప్పుడు నా ధ్యాస ఎక్కడో ఉంది. ఇక్కడ మాత్రం గుండె నిండిపోయింది. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

వచ్చే నెల కూడా నేనే వస్తానని అయ్యగారికి దారిలోనే చెప్పేశాను.