వోచర్ చేతిలో ఉంది, కారు మాత్రం ఇవ్వలేదు

మొదటిసారి విదేశంలో కారు అద్దెకు తీసుకోబోయినప్పుడు మా ప్రయాణం కౌంటర్ దగ్గరే ఆగిపోయింది. మూడు వారాల ముందే పూర్తి డబ్బు కట్టేశాం. వోచర్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాం. కౌంటర్‌లోని అమ్మాయి కాగితాలన్నీ చూసి, డిపాజిట్ కోసం, అంటే కారు తిరిగిచ్చేదాకా కార్డు లిమిట్‌లో ఆపి ఉంచే మొత్తం కోసం, క్రెడిట్ కార్డు అడిగింది. మా వారు తన కార్డు తీసిచ్చారు. దాని మీద పేరు చూసి ఆమె వెంటనే వెనక్కిచ్చేసింది. బుకింగ్ నా పేరు మీద ఉంది, బండి నడిపేది నేను, కాబట్టి కార్డు మీదా నా పేరే ఉండాలంది. నా దగ్గరున్నది డెబిట్ కార్డు. అది చెల్లదంది. భార్యాభర్తలమని ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

"పోనీ, బుకింగే నా పేరుకు మార్పించు" అన్నారు మా వారు. అది కౌంటర్‌లో అయ్యే పని కాదట, బుక్ చేసిన సైటువాళ్లే మార్చాలట. సైటుకు ఫోన్ చేస్తే, కార్డు షరతు నిబంధనల్లో రాసే ఉందని, మేము కారు తీసుకోవడానికి రానట్టే లెక్క అని చెప్పారు. కట్టిన డబ్బులో పైసా వెనక్కి రాలేదు.

తర్వాత తీరిగ్గా చదివితే నిజంగానే రాసి ఉంది. డబ్బు కట్టేముందు దాన్ని తెరిచి చూడలేదు, అంతే. అందుకే రెండోసారి, ఇటలీలో పిసా విమానాశ్రయం నుంచి తొమ్మిది రోజులకు కారు కావాల్సి వచ్చినప్పుడు నేను ముందుగా వెతికింది తక్కువ ధర కాదు. ఏ సైటు నిబంధనలన్నీ డబ్బు కట్టకముందే నా ముందు పెడుతుందా అని చూశాను.

వెతుకుతుంటే తెలిసిందేమిటంటే, సైట్లన్నీ ఒకే రకం కాదు. కయాక్, స్కైస్కానర్ లాంటివి ధరలు పక్కపక్కన చూపించి మనల్ని ఇంకో చోటికి పంపిస్తాయి. రెంటల్‌కార్స్, డిస్కవర్ కార్స్, ఆటో యూరప్ లాంటివి బ్రోకర్లు. కారు వేరే కంపెనీది, బుకింగ్ వీళ్ల దగ్గర. ఇవి కాక కారు కంపెనీల సొంత సైట్లు ఉన్నాయి. కయాక్, రెంటల్‌కార్స్ రెండూ బుకింగ్ హోల్డింగ్స్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. కాబట్టి పది సైట్లు తిరిగామంటే పదిమంది వ్యాపారులను అడిగామని కాదు. అదే కంపెనీ, అదే కారు పది కొట్లలో కనిపించిందని.

బ్రోకర్ దగ్గర బుక్ చేయడం తప్పేమీ కాదు, చాలాసార్లు ధర అక్కడే తక్కువ. కానీ బుకింగ్ ఒకరితో, అద్దె ఒప్పందం మీద సంతకం ఇంకొకరితో అవుతుంది. ఏదైనా తేడా వస్తే వీళ్లు వాళ్లను అడగమంటారు, వాళ్లు వీళ్లను అడగమంటారు. నాకు మొదటిసారి జరిగింది సరిగ్గా అదే.

ఈసారి ప్రతి సైటులోనూ ఒకే పని చేశాను. డబ్బు కట్టే పేజీకి ముందే ఆగి, అసలు కారిచ్చే కంపెనీ పేరు కనిపిస్తుందా, ఆ బ్రాంచికి సంబంధించిన అద్దె నిబంధనలు తెరుచుకుంటాయా అని చూశాను. డిపాజిట్ ఎంత, ఏ కార్డు ఒప్పుకుంటారు, కిలోమీటర్లకు పరిమితి ఉందా, రెండో డ్రైవర్‌కు ఎంత, కౌంటర్ టెర్మినల్‌లోనే ఉందా లేక బస్సెక్కి వెళ్లాలా, ఇవన్నీ అక్కడే ఉండాలి. అన్నిటికంటే చవగ్గా చూపించిన సైటు కంపెనీ పేరు బదులు 'స్థానిక సంస్థ' అని మాత్రమే రాసింది. దాన్ని అక్కడే వదిలేశాను. ఇంకొక సైటుకు బ్రహ్మాండమైన రేటింగ్ ఉంది, కానీ అది సైటుకు జనం ఇచ్చిన మార్కులే తప్ప పిసాలోని ఆ కౌంటర్‌కు ఇచ్చినవి కావు. అందుకని మ్యాప్‌లో ఆ బ్రాంచిని వెతికి, ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ల మాటలు ఓపిగ్గా చదివాను. క్యూ పొడుగ్గా ఉందన్న ఫిర్యాదులను పట్టించుకోలేదు. 'గీత' (కారు మీద పడిన గీటు), 'డిపాజిట్' అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో మాత్రం లెక్కపెట్టాను.

రద్దు షరతు కూడా చూసుకున్నాను. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లోగా వద్దనుకునే హక్కు యూరోపియన్ యూనియన్ చట్టంలో ఉంది కానీ, ఫలానా తేదీలకని తీసుకునే కారు అద్దెకు అది వర్తించదు. సైటు ఇచ్చే ఉచిత రద్దు గడువే మనకు దిక్కు. నేను తీసుకున్నదానికి 48 గంటల ముందు వరకూ గడువుంది.

కారు ఫొటో కింద 'లేదా అలాంటిదే' అని ఉంటుంది. ఫొటోను నమ్ముకోకూడదు, పక్కనుండే నాలుగక్షరాల కోడ్ చూడాలి. అందులో మూడో అక్షరం 'ఎం' (M) అయితే గేర్లు మనం మార్చుకోవాలి, 'ఏ' (A) అయితే ఆటోమేటిక్. యూరప్‌లో అడగకపోతే ఎక్కువగా మాన్యువలే ఇస్తారు. రోడ్డుకు కుడివైపు నడపడం నాకు కొత్త, దానికి తోడు ఎడమ పక్కన కూర్చుని కుడి చేత్తో గేర్లు కూడా అంటే భయమేసింది. ఆటోమేటిక్‌కు ఎక్కువే పెట్టాను, దానికి ఇప్పటికీ బాధ లేదు.

ఎక్కువ సమయం పట్టింది ఇన్సూరెన్స్ అర్థం చేసుకోవడానికి. అద్దెలో కలిపి వచ్చే సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్, అంటే గుద్దుకుంటే అయ్యే నష్టానికి మాఫీ) పేరు వింటే అంతా కవర్ అయినట్టే అనిపిస్తుంది. కానీ ఎక్సెస్ అని ఒకటుంటుంది, నష్టంలో మన వాటా. మాకది 1,800 యూరోలు. అంతవరకూ సొట్ట పడినా, గీత పడినా కట్టేది మనమే. పైగా టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పోగొట్టుకున్న తాళం, తప్పు ఇంధనం పోస్తే పాడయ్యే ఇంజిన్, ఇవి చాలాసార్లు ఆ కవర్‌లోకే రావు. బ్రోకర్ సైటులో 'ఫుల్ ప్రొటెక్షన్' అని అమ్మేది ఇంకో రకం. దాన్ని కొన్నా కౌంటర్‌లో డిపాజిట్ తగ్గదు. నష్టమైతే ముందు మన జేబులోంచి కట్టి, తర్వాత కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి. కౌంటర్‌లో అమ్మే కవర్ ఖరీదు, కానీ దానితో ఎక్సెస్, డిపాజిట్ రెండూ తగ్గుతాయి. ఏది కొనాలన్నది కార్డులో ఎంత లిమిట్ ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. మాకు లిమిట్ చాలినంత ఉంది కాబట్టి బ్రోకర్‌ది తీసుకున్నాం. ఈసారి ఆ కార్డు నా పేరు మీదే తీయించుకున్నాను.

పిసాలో కౌంటర్ అతను లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అడిగాడు. యూరప్ బయటి లైసెన్సులకు ఇటలీలో అది గానీ అధికారిక అనువాదం గానీ ఉండాలి. కొందరు అడగరని విన్నాను. దారిలో పోలీసులు ఆపితే కౌంటర్‌లో అడగలేదన్నది సమాధానం కాదు. తర్వాత అతను, బయటి ఇన్సూరెన్స్ ఇక్కడ చెల్లదని, తమది తీసుకోమని మూడుసార్లు చెప్పాడు. "మీరు చెప్పింది అర్థమైంది, డిపాజిట్ బ్లాక్ చేయండి" అని నేనూ మూడుసార్లు చెప్పాను. సంతకం పెట్టే తెర మీద వద్దన్న కవర్ దగ్గర టిక్ ఉందేమోనని ఒక్కో పేజీ చదివాకే పెట్టాను. కార్డు యంత్రం మా కరెన్సీలో తీసుకోనా అని అడిగితే యూరోలే నొక్కాను, లేకపోతే మారకం రేటు వాళ్లిష్టం.

కారు చుట్టూ తిరుగుతూ వీడియో తీశాను. నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ కింది అంచు, కప్పు, ముందు అద్దం, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె. ముందు ఎడమ రిమ్ము మీద అరచేయంత గీత కనిపించింది. వాళ్ల కాగితం మీది బొమ్మలో అది లేదు. వెనక్కి వెళ్లి దాన్ని రాయించి సంతకం పెట్టించేవరకూ కదల్లేదు. మా వారు టైము చూస్తూనే ఉన్నారు.

ఇటలీలో రెండు విషయాలు తెలిసి వెళ్లడం మంచిదైంది. బంకులో గసోలియో అని ఉంటే అది పెట్రోలు కాదు, డీజిల్. పెట్రోలును బెంజీనా అంటారు. రెండోది జెడ్‌టీఎల్, అంటే పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బళ్లు వెళ్లకూడని ప్రాంతం. గేటు ఉండదు, కెమెరా ఉంటుంది. తెలియక వెళ్తే పోలీసులు కారు కంపెనీని అడుగుతారు. కంపెనీ మన వివరాలిచ్చి, ఇచ్చినందుకు మన కార్డు మీద రుసుము వేసుకుంటుంది. అసలు జరిమానా తర్వాత విడిగా వస్తుంది. విదేశీయులకు ఆ నోటీసు పంపడానికి 360 రోజుల దాకా గడువుంది. అందుకే ఫ్లోరెన్స్‌లోకి కారు తీసుకెళ్లనేలేదు. ఏ1 హైవే మీంచి నేరుగా విల్లా కోస్తాంజా పార్కింగ్‌లోకి దిగి, అక్కడినుంచి ట్రామ్‌లో ఊళ్లోకి వెళ్లాం.

తిరిగి ఇచ్చే రోజు దగ్గర్లోని బంకులో ట్యాంకు నింపి రసీదు దాచాను. కారు ఒప్పజెప్పేటప్పుడు మళ్లీ వీడియో తీసి, మనిషి వచ్చి చూసేదాకా ఆగి, కాగితం తీసుకున్నాను.

ఆరో రోజున మెయిల్ వచ్చింది. ముందు ఎడమ రిమ్ము మీద గీతకు 340 యూరోలు. మొదటి రోజు వీడియో, సంతకం పెట్టించిన కాగితం ఫొటో జతచేసి, డబ్బు తీసుకుంటే బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (ఆ డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ) వేస్తానని మర్యాదగానే రాశాను. బ్రోకర్‌కు కూడా కాపీ పెట్టాను. నాలుగు రోజుల తర్వాత, ఫైలు మూసేశామని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఆ వారాంతానికి కార్డు మీది 1,800 యూరోల హోల్డ్ ఎత్తేశారు.