కుళాయి మళ్లీ వచ్చాక మొదటి నీళ్లు సంపులోకి వదలకండి

పైపులైన్ పనులున్నాయి, ఫలానా వార్డులకు నీళ్లు రావు అని జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ప్రకటన రాగానే అందరం బిందెలూ డ్రమ్ములూ నింపేస్తాం. నిజానికి జాగ్రత్త పడాల్సింది నీళ్లు తిరిగి వదిలిన రోజు.

రైవాడ నీళ్లైనా, మేఘాద్రిగెడ్డవైనా, ఏలేరు కాలువవైనా శుద్ధి చేశాకే మన లైన్లోకి వస్తాయి. లైను నిండుగా ఉన్నంతసేపు లోపలి ఒత్తిడే బయటి మురికిని ఆపుతుంది. లైను ఖాళీ అయితే ఆ కాపు పోతుంది. వీధి కాలువను దాటుకుని ఇంట్లోకి వచ్చే పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపుకి సూదిమొనంత చిల్లున్నా చాలు, కాలువ నీరు లోపలికి దిగుతుంది. కుళాయి లైనుకే మోటారు బిగించి లాగే ఇళ్లున్న వీధిలో ఈ ముప్పు రోజూ ఉంటుంది. ఆ మోటారు పక్కింటి నీళ్లతో పాటు మురికినీ లాగుతుంది. నిబంధనలకూ విరుద్ధమే, అయినా ఎవరూ తీయరు.

కాబట్టి నీళ్లు వచ్చాక సంపు వాల్వు మూసే ఉంచి, బయటి కుళాయి తిప్పి గాజు గ్లాసులో పట్టి చూడండి. ఎర్రగా ఉంటే తుప్పు. కాసేపు వదిలితే తేటపడుతుంది, ఆ నీళ్లు మొక్కలకు పనికొస్తాయి. మురుగు వాసన వస్తే మాత్రం ఎంత తేటగా ఉన్నా సంపులోకి వద్దు. ఆరిలోవ లాంటి చోట్ల కొండవాలు ఇళ్లకు నీరు చివర్లో ఎక్కుతుంది. అక్కడివాళ్లు ఇంకాస్త ఓపిక పట్టాలి.

మామూలుగా సంపు నీళ్లకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. అంటే 5 వేల లీటర్ల సంపుకి 12, 13 గ్రాములు. ప్లాస్టిక్ మగ్గులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి. అరగంట ఆగాక వాడుకోవచ్చు. మూత విప్పి నెలలు గడిచిన ప్యాకెట్లో క్లోరిన్ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. బురద నీటిలో ఎంత వేసినా ఆ బురదే క్లోరిన్ని తినేస్తుంది, అందుకే ముందు తేటపరచాలి.

మురుగు కలిసిపోయిందా, సంపు మొత్తం తోడించి, గోడలు రుద్దించి, మళ్లీ నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ వేసి ఒక పగలూ రాత్రీ ఉంచాలి. ఆ నీళ్లు వాడకూడదు, పారబోయాలి. కడిగేటప్పుడు బాత్‌రూం యాసిడ్ జోలికి పోవద్దు: బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న సంపులోకి మనిషిని వెంటనే దించకూడదు. మూత తీసి బాగా గాలి ఆడనిచ్చి, పైన మరో మనిషి కాపలా ఉంటేనే దిగాలి. ఈ ఒక్క విషయంలో తొందర ప్రాణం తీస్తుంది.

సంపు శుభ్రపడేదాకా తాగే నీళ్లు తెర్లించి వాడండి.

ఫిర్యాదు చేసే ముందు పక్కవాళ్లనీ ఎదురింటివాళ్లనీ అడగండి. మురికి నీళ్లు మీ ఇంటికే వస్తుంటే లోపం మీ సర్వీసు పైపులో (మెయిన్ లైను నుంచి ఇంటికి వచ్చే పైపులో) ఉంది, ప్లంబరు చాలు. వీధంతా వస్తుంటే మెయిన్ లైను కాలువ దగ్గర ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శికి డోర్ నంబర్లూ, నీళ్లు వచ్చిన సమయమూ, వాసనా రంగూ రాసివ్వండి. సీసాలో పట్టిన నీళ్లూ తీసుకెళ్లండి. 'నీళ్లు బాగోలేదు' అని ఒక్కముక్కలో రాస్తే ఫిట్టరు ఎక్కడ తవ్వాలో ఎలా తెలుస్తుంది?