పిట్ట నీళ్ళు

సెప్టెంబరు 22, ఆదివారం. కేటీ, టెక్సస్.

నేను లేచేసరికే అమ్మ పెరటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు. "ఇప్పటికి మూడుసార్లొచ్చిందే" అంది, కళ్ళు ఫీడర్ మీంచి, అంటే పిట్టల కోసం పంచదార నీళ్ళు పోసి వేలాడదీసిన డబ్బా మీంచి, తిప్పకుండా.

వచ్చింది మా ఎర్ర ఈక పిట్ట. వారం రోజులుగా వస్తున్న హమ్మింగ్‌బర్డ్ పిల్ల, మగది. పెద్ద మగపిట్టలకి గొంతంతా కెంపు రంగు ఉంటుంది. దీనికింకా ఒక్కటే ఈక వచ్చింది. ఎండ తగిలితే నిప్పురవ్వలా మెరుస్తుంది, కాస్త పక్కకి తిరిగితే నల్లగా కనిపిస్తుంది. పెద్ద మగపిట్టలు చాలావరకు ముందే వెళ్ళిపోయినట్టున్నాయి, ఇప్పుడు మా పెరట్లో కనిపించేవన్నీ ఆడవీ పిల్లలే.

ఇవాళ నీళ్ళు మార్చే రోజు. ఒక గ్లాసు పంచదారకి నాలుగు గ్లాసుల నీళ్ళు. అమ్మ వచ్చిన కొత్తలో, "బెల్లం వెయ్యవే, ఒంటికి మంచిది, పోనీ తేనైనా కలుపు" అని పట్టుబట్టింది. బెల్లంలో ఉండే ఇనుము ఈ పిట్టలకి పడదు. తేనెలో నీళ్ళు కలిపితే త్వరగా పులిసి బూజు పడుతుంది. తెల్ల పంచదార ఒక్కటే పువ్వుల్లోని మకరందానికి దగ్గరగా ఉంటుందని చెప్తే ఒప్పుకుంది. ఇప్పుడు ఆ పని ఆవిడదే. తీగపాకం, ముదురుపాకం చేతికి అలవాటైన మనిషికి, కరగగానే పొయ్యి కట్టేయమంటే మొదట్లో చెయ్యి ఆడలేదు. ఎర్రరంగు కలపం. ఫీడర్‌కున్న ఎర్ర పువ్వులు చాలు.

చీమల సంగతి కూడా అమ్మకి చెప్పక్కర్లేకపోయింది. ఫీడర్ పైన వేలాడే నీళ్ళ గిన్నె చూసి, "మనం అరిసెల డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టేగా" అంది. అచ్చం అదే.

ఆగస్టులో నేను చేసిన తప్పు మాత్రం ఇంకా మనసులో ముల్లులా ఉంది. మండుటెండల్లో నాలుగు రోజులు ఊరెళ్ళి, ఫీడర్ అలాగే వదిలేశాను. వచ్చేసరికి నీళ్ళు తెల్లగా విరిగి, కన్నాల చుట్టూ నల్లటి బూజు. అది ఎన్ని పిట్టలు తాగాయో! ఈ ఎండల్లో రెండు రోజులకోసారి మార్చలేకపోతే అసలు కట్టకూడదు. అప్పట్నుంచీ ఊరెళ్తే దించేసి వెళ్తున్నాను. పంచదార నీళ్ళొక్కటే వాటికి సరిపోవు, చిన్నచిన్న దోమలూ సాలీళ్ళూ కూడా తినాలి. అందుకే పెరట్లో పురుగుల మందు కొట్టడం మానేశాను.

మధ్యాహ్నం రెండో ఫీడర్ కట్టాను, వంటింటి కిటికీ వైపు. ఒక్కటే ఉంటే ఎర్ర ఈకవాడు ఎవర్నీ దగ్గరికి రానివ్వడు, కొమ్మ మీద కాపలా కూర్చుని తరిమికొడతాడు. రెండోది వాడికి కనబడని చోట ఉండాలి. గంట తిరక్కుండానే ఒక ఆడపిట్ట వచ్చింది. ముందు పక్కనున్న టర్క్స్ క్యాప్ పూలు చూసుకుంది. అది మందార జాతే. విచ్చుకోని మందార మొగ్గలా, ఎర్రగా ముడుచుకునే ఉంటుంది. తర్వాత ఫీడర్ దగ్గర గాల్లోనే నిలబడి తాగింది. మా ఊళ్ళో తేనెపిట్టలు కొమ్మ పట్టుకుని వాలి తాగుతాయి. ఇది సెకనుకి యాభైసార్లు రెక్కలాడిస్తూ ఒక్కచోటే నిలుస్తుంది, అలాగే వెనక్కి కూడా ఎగురుతుంది.

సాయంత్రం అమ్మ అడిగింది, ఇవెక్కడికి పోతాయని. మెక్సికో, మధ్య అమెరికా వైపు. కొన్ని తీరం వెంబడే పోతాయి, కొన్ని గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రాన్ని ఒక్క ఊపున దాటుతాయి, ఎనిమిది వందల కిలోమీటర్లు. మామూలుగా మూడు గ్రాములుండేది, దాటేముందు కొవ్వెక్కి దాదాపు రెట్టింపు బరువవుతుంది.

"మూడు గ్రాములా! నా చెవి దిద్దులంత." కాసేపాగి, "తల్లి తీసుకెళ్తుందా?" అంది.

లేదమ్మా, పిల్లలు కూడా ఎవరికి వాళ్ళే, దారి చూపేవాళ్ళెవరూ ఉండరు అన్నాను. అమ్మ మాట్లాడలేదు. మసకచీకట్లో ఎర్ర ఈకవాడు ఇంకోసారి వచ్చి చాలాసేపు తాగాడు. రోజురోజుకీ పగలు తగ్గుతున్న కొద్దీ వాటంతటవే బయల్దేరతాయి, మన ఫీడర్ ఆపలేదు. అయినా ఆఖరి పిట్ట వెళ్ళాక ఇంకో రెండు వారాలు కట్టి ఉంచుతాను, ఉత్తరం నుంచి ఆలస్యంగా వచ్చేవాటి కోసం.

రేపట్నుంచి నాకు ఆఫీసు. గోడమీది తెలుగు క్యాలెండర్లో మంగళవారం గడిలో అమ్మ పెన్నుతో రాసి పెట్టుకుంది: పిట్ట నీళ్ళు.